పన్ను గడువు పెంచేముందు



మనం పన్ను అంటాం. హొసూరు, కృష్ణగిరి వైపు దాన్నే వరి అంటారు. ఇంటిపన్ను అక్కడ వీట్టువరి. కొత్తగా కాపురానికి వచ్చిన తెలుగు కోడలు, పంచాయతీవాళ్లు వాకిట్లో నిలబడి వరి కట్టమంటే వడ్లు కొలిచి ఇవ్వాలేమో అనుకుంటుంది. బళ్లారి, రాయచూరుల్లో తెరిగె అంటారు. నాందేడ్, చంద్రపూర్‌లలో పట్టీ అంటారు. బరంపురంలో టికస అంటారు. పేరు ఏదైనా డబ్బు మన కొంగుముడి నుంచే పోతుంది.

ఈ రోజు మనం ఒక ప్రత్యేకమైన పన్నును గురించి మాట్లాడుకుందాం. ఒక ఊరు తన అభివృద్ధి కోసం, తన ఊరికి యాత్రికులు రావడం కోసం, వచ్చినవారికి సదుపాయాలు కల్పించడం కోసం వేసుకునే పన్ను అది. ఇలాంటి పన్ను మొదట కొన్నాళ్ల కోసమే అని వేస్తారు. గడువు దగ్గరపడగానే ఇంకొన్నాళ్లు పొడిగిద్దాం అంటారు. అప్పుడు మనం ఏం చేయాలి? సరే అనాలా, వద్దనాలా? ఏం చూసుకుని ఏ మాట చెప్పాలి? ఇదీ ఈనాటి విషయం.

ముందుగా మూడు మాటలకు అర్థం తెలుసుకుందాం. పన్ను, రుసుము, సెస్సు. ఈ మూడూ ఒకటే అని మనలో చాలామంది అనుకుంటారు. కావు. పన్ను అంటే ప్రభుత్వం చట్టప్రకారం అందరి దగ్గరా తప్పనిసరిగా వసూలు చేసేది. దానికి బదులుగా నాకు ఫలానా పని చేసిపెట్టాలి అని అడిగే హక్కు విడిగా ఏ ఒక్కరికీ ఉండదు. రుసుము అలా కాదు. అది ఏదో ఒక సేవకు ప్రతిఫలం. ఈ తేడాను మన సుప్రీంకోర్టు 1954లో ఉడుపి దగ్గరి శిరూరు మఠం కేసులో వివరంగా చెప్పింది. ఇక సెస్సు అంటే ఒక నిర్ణీతమైన పని కోసం వేసే అదనపు పన్ను. పని పేరు చెప్పి వేస్తారు కాబట్టి ఆ పనికే ఖర్చు పెట్టాలని మనం ఆశిస్తాం. అన్నిటికీ మించి మన రాజ్యాంగంలో 265వ అధికరణం ఉంది. చట్టం అధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని ఆ అధికరణం చెబుతోంది. అంటే, దారికి అడ్డంగా కర్ర పెట్టి చీటీ చింపి చేతికి ఇచ్చిన ప్రతివాడికీ డబ్బు అడిగే హక్కు లేదన్నమాట.

ఇప్పుడు మన ప్రాంతాలకు వచ్చే యాత్రికుడి రూపాయి ఎక్కడికి పోతుందో చూద్దాం. మన సరిహద్దు జిల్లాల్లో, వాటి చుట్టుపక్కల చూడదగ్గ చోట్లు తక్కువేమీ కాదు. ధర్మపురి జిల్లాలో హొగెనక్కల్ జలపాతం ఉంది. విజయనగర జిల్లాలో హంపి ఉంది. గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ సముద్రతీరం ఉంది. చంద్రపూర్ జిల్లాలో తాడోబా పులుల అడవి ఉంది. యానాంలో గోదావరి గట్టు ఉంది.

యాత్రికుడు మన ఊళ్లో గది తీసుకుంటాడు. పూర్వం హోటలు గదుల మీద రాష్ట్రాలు విలాసపు పన్ను వేసేవి. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చాక అది అందులో కలిసిపోయింది. గది అద్దె మీద కట్టే జీఎస్‌టీలో సగం రాష్ట్రానికి, సగం కేంద్రానికి పోతుంది. ఊరి పంచాయతీకి ఆ బిల్లులో నేరుగా వాటా లేదు. రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసుల మీద ఏదో రూపంలో తిరిగి రావలసిందే. ఆ యాత్రికుడే హంపికి వెళ్లి విఠ్ఠలాలయం చూడడానికి టికెట్టు కొంటాడు. ఆ టికెట్టు భారత పురావస్తు శాఖది. ఆ సొమ్ము కేంద్ర ఖజానాకు చేరుతుంది.

తాడోబా విషయం వేరు. 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు 38ఎక్స్ అనే సెక్షను చేర్చారు. దాని ప్రకారం ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక సంరక్షణ ఫౌండేషన్ ఉండాలి. సందర్శకులు కట్టే ప్రవేశ రుసుములను తిరిగి ఆ అడవికీ, చుట్టుపక్కల జనం అభివృద్ధికీ ఉపయోగించడం దాని ఆశయాల్లో ఒకటి. చూశారా! ఒకచోట టికెట్టు డబ్బు ఢిల్లీకి పోతుంది. ఇంకొకచోట ఆ గేటు దగ్గరే ఉండడానికి చట్టం దారి చూపింది. కాబట్టి ఊరి సొమ్ము ఊరికి దక్కడం అసాధ్యం కాదు. దానికి ఎవరో ఒకరు చట్టంలో చోటు కల్పించాలి.

మరి ఊరికి మిగిలేదేమిటి? చెత్త మిగులుతుంది. ఆదివారం సాయంత్రానికి ప్లాస్టిక్ సీసాలు, ఆకులు, పేపరు ప్లేట్లు పోగవుతాయి. బోరు నీళ్లు అడుగంటుతాయి. దారిపక్క గజం భూమి ధర పెరుగుతుంది. దానివల్ల అమ్మేవాడికి లాభమే గాని, అద్దెకుండేవాడికి నష్టం. అందువల్ల ఊరు ఒక రుసుమో పన్నో వేసుకోవాలనుకోవడంలో తప్పు లేదు. దాన్ని ఎలా వేయాలి, ఎన్నాళ్లు వేయాలి, గడువు తీరాక ఏం చేయాలి అనేదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మనం కాసేపు చాలా దూరం వెళ్లివద్దాం. అమెరికాలో ఓక్లహామా రాష్ట్రానికి రాజధాని ఓక్లహామా సిటీ. చమురు, సహజవాయువుల మీద బతికిన ఊరు. 1982లో అక్కడి పెన్ స్క్వేర్ బ్యాంకు మూతపడింది. ఆ తరువాత చమురు ధర కూడా పడిపోయింది. ఊరు దిగాలుపడింది. 1991లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారు విమానాల మరమ్మతు కేంద్రం పెట్టడానికి చోటు వెతుకుతున్నారు. ఈ ఊరు ఎన్నో రాయితీలు ఇవ్వజూపింది. అయినా ఆ కేంద్రం ఇండియనాపొలిస్ నగరానికి వెళ్లిపోయింది. ఎందుకు అని ఆరా తీస్తే తేలిందేమిటంటే, తమ ఉద్యోగులు ఈ ఊళ్లో కాపురం ఉండడానికి ఇష్టపడరని కంపెనీవారు అనుకున్నారట. అప్పటి మేయరు రాన్ నోరిక్‌కు అసలు లోపం అప్పుడు బోధపడింది. బయటివాడిని పిలవడానికి ముందు మన ఇల్లు మనం చక్కబెట్టుకోవాలి అనుకున్నాడు.

వాళ్లు ఒక పథకం వేసుకున్నారు. దాని పేరు మెట్రోపాలిటన్ ఏరియా ప్రాజెక్ట్స్. పొట్టిగా మ్యాప్స్ అంటారు. ఊళ్లో కొన్న సరుకు మీద డాలరుకు ఒక సెంటు, అంటే నూటికి ఒకటి చొప్పున అమ్మకం పన్ను. గడువు 5 ఏళ్లు. ఆ డబ్బుతో చేసే పనులు 9. బేస్‌బాల్ మైదానం, పాత గిడ్డంగుల పేటలో ఒక కాలువ, పెద్ద క్రీడామందిరం, గ్రంథాలయం, సంగీతశాల బాగుచేయడం, నదిలో నీరు నిలిచే ఏర్పాటు మొదలైనవి. ఈ జాబితాను జనం ముందు పెట్టి ఓటు అడిగారు. 1993 డిసెంబరు 14న ఓటింగు జరిగింది. 54 శాతం మంది సరే అన్నారు. అంటే నూటికి 46 మంది వద్దన్నారన్నమాట. ఊరంతా ఒక్క మాట మీద ఉన్నది కాదు. అయినా లెక్క ప్రకారం నడుచుకున్నారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, వాళ్లు అప్పు చేసి కట్టలేదు. పన్ను డబ్బు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టారు. రెండోది, లెక్కలు చూడడానికి పౌరులతో ఒక పర్యవేక్షక మండలిని ఏర్పాటు చేశారు. అయినా అన్నీ సజావుగా సాగలేదు. పనులు ఆలస్యమయ్యాయి. అంచనాలు పెరిగాయి. 1998 చివరికి వచ్చేసరికి డబ్బు చాలదని తేలింది. అప్పుడు నగరపాలకులు చప్పుడు చేయకుండా గడువు పెంచేయలేదు. మళ్లీ జనం దగ్గరికి వెళ్లారు. ఇంకొక 6 నెలలు ఇవ్వండి, మొదలుపెట్టినది పూర్తిచేస్తాం అని అడిగారు. జనం ఇచ్చారు. మొత్తం 30 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. 1999 జూలై 1న ఆ పన్ను ఆగిపోయింది. అంగడి రశీదులో ఆ సెంటు లేకుండా పోయింది.

అది ఆగిపోవడమే ఈ కథలో ముఖ్యమైన ఘట్టం అని నేనంటాను. పన్ను ఆగడం కళ్లారా చూసినవాడు తరువాత పన్ను అడిగితే నమ్ముతాడు. 2001లో బడుల కోసం మళ్లీ ఒక సెంటు అడిగినప్పుడు ఆ ఊరివాళ్లు ఒప్పుకున్నారు. 2008లో క్రీడామందిరాన్ని మెరుగుపరచడానికి 15 నెలలకు ఒప్పుకున్నారు. 2009లో పెద్ద ఉద్యానవనం, ట్రామ్ బండి, వృద్ధుల ఆరోగ్య కేంద్రాలు, కాలిబాటలు మొదలైన వాటి కోసం 77 కోట్ల 70 లక్షల డాలర్ల పథకానికి ఒప్పుకున్నారు. అప్పుడూ 54 శాతమే. 2019లో 97 కోట్ల 80 లక్షల డాలర్ల పథకానికి నూటికి 70 మందికి పైగా సరే అన్నారు. ప్రతిసారీ పని పేరు చెప్పారు, గడువు చెప్పారు, ఓటు అడిగారు.

ఇంతమాత్రాన ఓక్లహామావారు చేసినదంతా బంగారం అని నేను చెప్పబోవడం లేదు. అమ్మకం పన్ను పేదవాడినే ఎక్కువ బాధిస్తుంది. ధనికుడు సంపాదనలో కొంతే ఖర్చుచేస్తాడు. పేదవాడు వచ్చినదంతా సరుకులకే ఖర్చుచేస్తాడు. కాబట్టి నూటికి ఒకటి అనేది ఇద్దరికీ ఒకే బరువు కాదు. రెండో దోషం, పనులన్నిటినీ ఒక మూటలో కట్టి, మూటకు ఓటు అడగడం. గ్రంథాలయం కావాలి, క్రీడామందిరం వద్దు అనేవాడికి అక్కడ చోటు లేదు. మూడో దోషం ఇటీవలిది. 2023 డిసెంబరు 12న మళ్లీ ఓటింగు జరిగింది. ఇప్పుడున్న సెంటు గడువు 2028లో తీరాక, దాన్నే ఇంకా 6 ఏళ్లు పొడిగించి, కనీసం 90 కోట్ల డాలర్లతో కొత్త క్రీడామందిరం కట్టాలని ప్రతిపాదన. అందులో ఆడే బాస్కెట్‌బాల్ జట్టు యజమానులు ఇచ్చేది 5 కోట్ల డాలర్లు. కోటీశ్వరుల ఆటకు కూలివాడి సెంటు ఎందుకు అని కొందరు గట్టిగా అడిగారు. అయినా నూటికి 70 మందికి పైగా అనుకూలంగానే ఓటు వేశారు. ఒప్పో తప్పో వాళ్లు తేల్చుకున్నారు. తేల్చుకునే అవకాశం మాత్రం వాళ్ల చేతిలో ఉంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆనాడు ఆ మరమ్మతు కేంద్రాన్ని దక్కించుకున్న ఇండియనాపొలిస్ ఏమైంది? 2003లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారు ఆ కేంద్రాన్ని వదిలేసి వెళ్లిపోయారు. రాయితీలు ఇచ్చి తెచ్చుకున్న కంపెనీ పోయింది. ఓక్లహామావారు తమ పన్నుతో తవ్వుకున్న కాలువ, కట్టుకున్న గ్రంథాలయం ఊళ్లోనే ఉన్నాయి. అభివృద్ధి పన్ను దేనికి వాడాలి అనే ప్రశ్నకు ఇందులో కొంత జవాబు ఉంది.

ఇక మన దేశానికి తిరిగివద్దాం. యాత్రికుల మీద పన్ను మనకు కొత్త కాదు. బరంపురం, గంజాం శ్రోతలకు పూరీ దగ్గరే కదా. ఈస్టిండియా కంపెనీ 1803లో ఒరిస్సాను పట్టుకుంది. 1806లో జగన్నాథ దర్శనానికి వచ్చే యాత్రికుల మీద పన్ను వేసింది. తరగతినిబట్టి పన్ను ఉండేది. భక్తులకు అది భారమైంది. విగ్రహారాధన మీద ప్రభుత్వం డబ్బు సంపాదిస్తోందని ఇంకోవైపు క్రైస్తవ మిషనరీలు గొడవ చేశారు. చివరికి 1840లో దాన్ని రద్దుచేశారు. మూడు దశాబ్దాలకు పైగా నడిచిన ఆ పన్నును కొనసాగించమంటారా అని యాత్రికుడిని గాని, పూరీ జనాన్ని గాని అడిగినవారు లేరు. తరువాత పూరీ వసతిగృహాల చట్టం వచ్చింది. యాత్రికులను ఉంచుకునే ఇళ్లకు లైసెన్సు పెట్టి, ఆ రుసుముతో పారిశుధ్యపు పనులు చూడాలన్నది దాని ఉద్దేశం. కలరా భయపెట్టిన రోజులవి. యాత్రికుడి డబ్బు యాత్రికుడి ఆరోగ్యానికే వాడాలన్న ఆలోచన అప్పటికి వచ్చిందన్నమాట.

మన కాలానికి వస్తే రెండు ఉదాహరణలు చెబుతాను. ఇవి పర్యాటకానికి సంబంధించినవి కావు. కాని గడువు అనే మాటకు అర్థం చెబుతాయి. 2018లో కేరళలో పెద్ద వరదలు వచ్చాయి. పాడైపోయినవాటిని మళ్లీ కట్టుకోవడానికి ఆ రాష్ట్రం 2019 ఆగస్టు 1 నుంచి వరద సెస్సు వేసింది. చాలా వస్తువుల మీద నూటికి ఒకటి. తక్కువ పన్ను ఉన్న నిత్యావసరాలను వదిలిపెట్టింది. గడువు 2 ఏళ్లు. 2021 జూలై 31తో గడువు తీరింది, సెస్సు ఆగింది. మధ్యలో కరోనా వచ్చి ఖజానా బోసిపోయినా పొడిగించలేదు.

రెండోది జీఎస్‌టీ పరిహారపు సెస్సు. రాష్ట్రాలకు కలిగే నష్టం పూడ్చడానికి 2017లో 5 ఏళ్లకు వేశారు. 2022 జూన్‌తో తీరిపోవలసింది. కరోనా రోజుల్లో రాష్ట్రాలకు ఇవ్వడానికి కేంద్రం అప్పు చేసింది. ఆ అప్పు తీర్చడానికని గడువును 2026 మార్చి వరకు పెంచారు. తరువాత 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వస్తువుల మీద తీసివేశారు. పొడిగింపుకు కారణం ఉంది, కాదనను. కాని ఆ కారణం ఎంతమందికి తెలుసు? కట్టినవాళ్లలో నూటికి ఎందరు చెప్పగలరు? కారణం ఉండడం ఒకటి, కట్టేవాడికి ఆ కారణం చెప్పడం మరొకటి.

సరిహద్దున ఉండే మనకు ఈ సంగతి అనుభవమే. ఆక్ట్రాయి నాకాలు, అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎన్ని చూశాం! మహారాష్ట్రలో కొన్నిచోట్ల ఆక్ట్రాయి పేరు మారి స్థానిక సంస్థల పన్ను అయింది. చివరికి జీఎస్‌టీ వచ్చాకే ఆ గొడవ పూర్తిగా వదిలింది. పన్ను పేరు మారడం వేరు, పన్ను పోవడం వేరు.

ఇక మన పంచాయతీలో లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. రాజ్యాంగంలో 243హెచ్ అధికరణం పంచాయతీలకు, 243ఎక్స్ అధికరణం పురపాలక సంఘాలకు పన్నులు, రుసుములు వేసే అధికారం ఇవ్వవచ్చునని రాష్ట్రాలకు చెబుతోంది. వినోదపు పన్ను స్థానిక సంస్థలు వేసుకుంటే వేసుకోవచ్చునని జీఎస్‌టీ కోసం 2016లో చేసిన రాజ్యాంగ సవరణలో ఉంది. ఆ వీలుతోనే తమిళనాడు 2017లో స్థానిక సంస్థల వినోదపు పన్ను చట్టం చేసుకుంది. అయితే చిన్న ఊళ్లలో యాత్రికుల దగ్గర వసూలయ్యేది ఎక్కువగా బండ్లు నిలిపినందుకు తీసుకునే రుసుమే. దాన్ని చాలాచోట్ల వేలంపాట పెట్టి గుత్తకు ఇస్తారు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. ఇది ఊహించి చెబుతున్న ఊరు, నిజమైన ఊరు కాదు. వారానికి రెండు రోజులు యాత్రికులు వస్తారు. రోజుకు 200 బండ్లు. బండికి 30 రూపాయలు. రోజుకు 6,000. ఏడాదికి 104 రోజులు. అంటే 6,24,000 రూపాయలు. గుత్తేదారు పాట పాడింది 3 లక్షలకు. ఇద్దరు పారిశుధ్య కార్మికులకు నెలకు 10,000 చొప్పున ఇస్తే ఏడాదికి 2,40,000 అవుతుంది. మిగిలేది 60,000. దానితో మరుగుదొడ్డి కట్టాలా, మంచినీళ్ల కుళాయి వేయాలా, చెత్త బండికి టైరు మార్చాలా? ఊళ్లోవాళ్లకు మాత్రం యాత్రికుల డబ్బు లక్షల్లో వస్తోందని చెప్పుకుంటారు. లక్షలు నిజమే. అందులో సగానికి పైగా ఊరి పద్దులోకి ఎక్కలేదు. అందుకని వచ్చే ఏడు అదే పాటను అదే మనిషికి పొడిగిద్దాం అన్నప్పుడు, ఈ చిన్న కూడికలు తీసివేతలు మనం చేయగలగాలి. అయిదో తరగతి పిల్లవాడికి వచ్చిన లెక్కే ఇది.

ఓక్లహామాలోలాగా పన్ను మీద ఓటింగు మన చట్టాల్లో లేదు. కాని మనకు గ్రామసభ ఉంది. జమాఖర్చులు అక్కడ జనం ముందు పెట్టాలి. గడువు పెంచే తీర్మానం వచ్చినప్పుడు మీరు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, మొదట ఏ పని కోసమని చెప్పి వేశారు, ఆ పని అయిందా? రెండు, ఇప్పటిదాకా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎవరి చేతిమీదుగా అయింది? మూడు, ఇక మీదట ఏ పని చేస్తారు, ఏ తేదీతో ఆపుతారు? నాలుగు, ఈ భారం యాత్రికుడి మీద పడుతోందా, లేక సంతకు కూరగాయలు తెచ్చుకునే మన ఊరివాడి మీదనా? ఈ నాలుగింటికీ తృప్తికరమైన జవాబు వస్తే నిస్సంకోచంగా చెయ్యి ఎత్తండి. పన్ను వద్దనడం గొప్పతనం కాదు. ఊరు శుభ్రంగా ఉండాలంటే ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. జవాబు రాకపోతే మాత్రం, జవాబు వచ్చేదాకా వాయిదా వేయమనండి.

ఇప్పుడు మనకు, అంటే ఇతర రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు, ఒక చిక్కు ఉంది. గ్రామసభ నోటీసు తమిళంలో ఉంటుంది, కన్నడంలో ఉంటుంది, ఒడియాలో ఉంటుంది, మరాఠీలో ఉంటుంది. అది న్యాయమే, అది ఆ రాష్ట్రభాష. కాని మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఆ భాష మాట్లాడగలరు గాని చదవలేరు. నోటీసు గోడమీద ఉంటుంది. వాళ్లు దాని పక్కనుంచే రోజూ నడుస్తారు. పన్ను పెరిగిందని తెలిసేది రశీదు చేతికి వచ్చాకే. అడగవలసిన రోజు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

దీనికి మార్గం లేకపోలేదు. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన 1956లోనూ, 1961 ముఖ్యమంత్రుల సమావేశంలోనూ భాషా అల్పసంఖ్యాకులకు కొన్ని రక్షణలు ఒప్పుకున్నారు. ఒక ప్రాంతంలో ఒక భాష మాట్లాడేవారు 15, 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలో కూడా ప్రచురించాలి అనేది అందులో ఒకటి. ఈ రక్షణల అమలు చూడడానికి 350బి అధికరణం కింద ఒక ప్రత్యేక అధికారి ఉంటారు. అలాగే 350వ అధికరణం ఉంది. మన కష్టం చెప్పుకుంటూ ప్రభుత్వాధికారికి పెట్టుకునే అర్జీని, ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాయవచ్చు. తెలుగులో రాసిన అర్జీ కాబట్టి తీసుకోను అనడానికి వీల్లేదు. పన్ను తీర్మానం నోటీసు తెలుగులో కూడా అంటించండి అని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అది మనం కట్టే పన్నుకు మనం అడిగే అతి చిన్న రశీదు.

ఇక సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని కింద దరఖాస్తును ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికారభాషలోగాని రాయాలి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఇక్కడ మన పిల్లలు అక్కరకు వస్తారు. మన పిల్లలు బడిలో రాష్ట్రభాష చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. రెండు భాషలు రావడం భారమనీ, ఏదీ సరిగా రాదనీ కొందరు తల్లిదండ్రులు దిగులుపడుతుంటారు. నేను బడిలో చెప్పే మాటే ఇక్కడా చెబుతాను. గోడమీది నోటీసు చదివి తాతకు తెలుగులో చెప్పగలిగిన పిల్ల, తాత అడిగిన ప్రశ్నను తమిళంలోనో కన్నడంలోనో రాసి పంచాయతీకి ఇవ్వగలిగిన పిల్ల, ఆ ఊరికి ఒక ఆస్తి. సరిహద్దు ఊళ్లలో అలాంటి పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వచ్చే గ్రామసభ నోటీసు పడినప్పుడు మీ ఇంటి పిల్లచేత ఒక్కసారి చదివించుకోండి. అందులో గడువు అనే మాట, పొడిగింపు అనే మాట ఎక్కడైనా ఉందేమో చూడమనండి. తమిళనాడులో గ్రామసభలు జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి రోజుల్లో జరుగుతాయి. ఆ రోజు సెలవు అని ఇంట్లో పడుకోకండి.

పట్టణాల్లో ఉండే శ్రోతలకు ఒక మాట. మీకు గ్రామసభ లేదు. కాని మీ వార్డు సభ్యుడు ఉంటాడు. పురపాలక సంఘం బడ్జెట్టు ఉంటుంది. పర్యాటకం పద్దు కింద ఎంత చూపారో, అందులో దీపాలంకారానికి ఎంత పోయిందో, మురుగు కాలువకు ఎంత పోయిందో అడగండి. యాత్రికుడు దీపాలు చూసి ఒకసారి వస్తాడు. కాలువ కంపు కొట్టకుండా ఉంటే రెండోసారి కూడా వస్తాడు.

చివరగా ఒక్క మాట. పన్ను వేసే రోజున అందరూ చూస్తారు. డప్పు కొడతారు, శంకుస్థాపన చేస్తారు, పేపర్లో పడుతుంది. పన్ను పొడిగించే రోజున మాత్రం ఎవరూ చూడరు. అది ఒక తీర్మానం నంబరుగా పుస్తకంలోకి ఎక్కిపోతుంది. కట్టేవాడి మాటకు విలువ ఉండేది సరిగ్గా ఆ రోజునే. ఎందుకంటే అప్పటికి చేతిలో లెక్క ఉంటుంది, కళ్లముందు పని ఉంటుంది, లేదా పని లేకపోవడం ఉంటుంది. మొదటిసారి మాట నమ్మి ఇస్తాం. రెండోసారి పని చూసి ఇవ్వాలి.